కాలువకట్ట మీద వదిలిన కారు

టికెట్లు చేత్తో పట్టుకుని కాలువకట్ట ఎక్కేసరికి, మా తెల్లకారు ఉండాల్సిన చోట్లోంచి ఎర్రకారు ఒకటి మెల్లగా బయటికి వస్తోంది. మొదట నాకు భయం వేయలేదు. చోటు తప్పి వచ్చానేమో అనుకున్నాను. కానీ నిద్రగన్నేరు చెట్టు అదే. దాని కింద కొబ్బరిబోండాల బండి అదే. మా కారు మాత్రం లేదు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని నడుస్తున్న మా అమ్మాయి వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి. కారు వెనక సీటులో మా నాలుగేళ్ళ బాబు నిద్రపోతున్నాడు.

ఇది జరిగి మూడు వారాలైంది. పిల్లలు పడుకున్నాక వంటింటి గట్టు మీద నోటుపుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. రోజూ రెండు మూడు వాక్యాలు రాసి కొట్టేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా అది కట్ట దగ్గరికే వెళుతోంది. కాబట్టి ముందు ఆ కట్ట దాకా ఎలా వెళ్ళామో చెబుతాను.

మేము ఉండేది గుణదలలో, మూడో అంతస్తులో, అద్దెకు. మా ఆయన రొయ్యల మేత అమ్మే కంపెనీలో పని చేస్తారు. చెరువుల మధ్యనే ఆయన వారమంతా గడుస్తుంది. శనివారం రాత్రి వస్తారు, సోమవారం తెల్లవారుజామున కంపెనీ జీపు వచ్చి తీసుకుపోతుంది. చెరువుల్లో రొయ్యల పట్టుబడి మొదలైతే శనివారాలు కూడా ఉండవు. కార్తీకమాసంలో వరసగా మూడు వారాలు రాలేదు.

అందులో రెండో వారంలో మా అపార్టుమెంటు వాళ్ళంతా వనభోజనాలకు వెళ్ళారు. ఆదివారం పొద్దున్నే కింద బస్సు ఆగింది. పట్టుచీరలు, గిన్నెలు, చాపలు, పిల్లల కేకలు. నాకు ముందుగా తెలియదు. వాట్సాప్ గ్రూపులో సొంత ఫ్లాట్లవాళ్ళే ఉంటారట, అద్దెవాళ్ళు ఉండరట. ఎదురింటావిడ బస్సెక్కుతూ తలెత్తి చూసి, "అయ్యో, మీకెవరూ చెప్పలేదాండీ?" అంది. ఆవిడ మనసులో ఏమీ లేదు. బాల్కనీలో నిలబడి నేనూ నవ్వాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, "మనం ఎందుకు వెళ్ళం?" అంది. వచ్చే ఆదివారం మనం కూడా వెళదాం, బొటానికల్ గార్డెన్‌కి, మనమే, అన్నాను.

అన్నానే గాని, ఆ వారమంతా నాకు అదే పని. నేనంతే. ఎక్కడికైనా వెళ్ళాలంటే ముందు ఇంట్లో కూర్చుని వందసార్లు వెళ్ళి రావాలి. పిల్లలు పడుకున్నాక ఫోనులో ఆ తోట గురించి జనం రాసిన మాటలన్నీ చదివాను. తోట ఊరి చివర, కాలువ పక్కన. బస్సులో అయితే గుణదల నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఒకటి, అక్కడ దిగి రోడ్డు దాటి ఇంకొకటి. దిగాక ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కిలోమీటరు పైగా నడక. బెంజ్ సర్కిల్ దగ్గర ఇద్దరు పిల్లలతో రోడ్డు దాటడం తలుచుకుని బస్సు వద్దనుకున్నాను. షేర్ ఆటో అయితే తోట మలుపు దాకా వెళుతుంది గాని, వెనక నలుగురు, ముందు డ్రైవరుకి అటొకరు ఇటొకరు. ఫోనులో బుక్ చేసే ఆటో వెళ్ళేటప్పుడు దొరుకుతుంది, వచ్చేటప్పుడు అక్కడికి ఎవరూ రారు అని నలుగురు రాశారు. స్కూటీ మీద బాబు ముందు నిలబడతాడు, అమ్మాయి వెనక కూర్చుంటుంది, మరి భోజనం సంచి? పైగా హైవే మీద లారీలు.

మిగిలింది కారు. మా ఆయన సెకండ్ హ్యాండులో కొన్న చిన్న కారు. జీపు వస్తుంది కాబట్టి అది వారమంతా కిందే ఉంటుంది. నాకు లైసెన్సు వచ్చి ఆరు నెలలు. స్కూలుకి, కూరగాయలకి తప్ప బయటికి తీసింది లేదు. ఆ కారు తాళం చేతిలో ఉంటే మాత్రం నాకు ఈ ఊళ్ళో ఒక మనిషినన్న ధైర్యం ఉంటుంది.

కారంటే పార్కింగ్. తోట గేటు లోపల పది పన్నెండు కార్లకు చోటు. అది నిండితే ఎదురుగా ఫంక్షన్ హాలు ఖాళీస్థలం, పెళ్ళిళ్ళు లేనిరోజు మాత్రమే రానిస్తారు. అదీ లేకపోతే కాలువకట్ట. "పార్కింగ్ ఇబ్బందే లేదు" అని ఒకాయన ధైర్యంగా రాశాడు. ఆయన పెట్టిన ఫొటోలో వాన పడుతోంది, తోటలో ఒక్క మనిషి లేడు.

మా ఆయనకు ఫోనులో చెప్పాను. "నేనొచ్చాక వెళదాంలే. ఒక్కదానివే పిల్లల్నేసుకుని అంత దూరం ఎందుకు?" అన్నారు. "మీరొచ్చేసరికి కార్తీకమాసం వెళ్ళిపోతుందండీ" అన్నాను. వెనక ఎవరో రొయ్యల కౌంటు, కిలోకి ఎన్ని తూగాయో, అరిచి చెబుతున్నారు. "సరే, జాగ్రత్త. గేటు లోపల చోటుంటేనే పెట్టు" అని పెట్టేశారు.

ఆ ఆదివారం బాబు సంతోషంతో చీకటితోనే లేచి కూర్చున్నాడు. పులిహోర, దద్దోజనం, చిన్న క్యారేజీలో గుత్తివంకాయ. దారిలో ఎక్కడా ఇంజను ఆగిపోలేదు. బెంజ్ సర్కిల్ దాటినప్పుడు మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. అది దాటిన కాసేపటికే బాబు నిద్రపోయాడు.

గేటు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో బస్సులు. హనుమాన్ జంక్షన్ వైపు నుంచి వచ్చిన మినీబస్సులే నాలుగు లెక్కపెట్టింది మా అమ్మాయి. గేటు లోపల చోటు లేదు. ఫంక్షన్ హాలులో పెళ్ళి. వెనక హారన్లు. వెనక్కి తిప్పుకుని ఇంటికి వెళ్ళిపోదామన్నా తిప్పే చోటు లేదు. అందరూ పోతున్న వైపే పోయి కట్ట ఎక్కాను.

కట్ట మీద పార్కింగ్ చూసే పెద్దాయన ఒకాయన మెడలో ఈల వేసుకుని ఉన్నాడు. తోటవైపు కంచె పొడుగునా ఒక వరస కార్లు, వాటిని ఆనుకుని రెండో వరస. కుడివైపు కొంచెం దారి, ఆ పక్కన కాలువ. నన్ను రెండో వరసలో అన్నిటికంటే ముందు పెట్టమన్నాడు.

"రండి రండి... ఎడంపక్కకి... ఇంకాస్త... చాలు తల్లీ, అటు కాలవ ఉంది, దాన్ని మనం నింపలేం" అన్నాడు. బోండాలబండి ఆయన కిసుక్కున నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి.

"న్యూట్రల్లో పెట్టండమ్మా. హ్యాండ్‌బ్రేకు వెయ్యమాకండి" అన్నాడు.

ఇది మా వైపు అందరూ చేసే పనే. పెళ్ళిళ్ళ దగ్గర, గుళ్ళ దగ్గర, ఇరుకుచోట రెండు వరసలు పెడితే బయట వరసవాళ్ళు బ్రేకు వేయకుండా దిగిపోతారు. లోపలి కారు బయటికి రావాలంటే నలుగురూ చెయ్యి వేసి బయట కారును ముందుకు నెడతారు. అడగరు, పిలవరు. ఎవరి కారును ఎవరైనా నెట్టవచ్చు. బ్రేకు వేసి వెళ్ళినవాణ్ణి తిడతారు గాని, నెట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. మా ఆయన కూడా అలా వదిలేయడం చాలాసార్లు చూశాను. నేనూ అలాగే న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు దించి దిగాను.

దిగి బాబుని చూశాను. సీటు మీద ముడుచుకుని పడుకుని, నోరు కొంచెం తెరుచుకుని గాఢనిద్రలో ఉన్నాడు. లేపితే ఏడుపు. ఎత్తుకుంటే ఇంకో చేత్తో సంచులు, అమ్మాయి. అదే సమయానికి మా అమ్మాయి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, "అమ్మా, బాత్రూమ్" అంది. గేటు కనిపిస్తూనే ఉంది. దాన్ని బాత్రూముకి తీసుకెళ్ళి, టికెట్లు కొనుక్కుని రావడమే కదా. చెట్టునీడ, చల్లటి పొద్దు. అద్దాలు రెండు వేళ్ళు దించాను.

"తమ్ముడు ఒక్కడే ఉంటాడా?" అంది మా అమ్మాయి.

"రెండు నిమిషాల్లో వచ్చేస్తాం కదా."

పెద్దాయన నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. బాబు లోపల ఉన్నాడండీ, కాస్త చూస్తూ ఉండండి అని ఆయనకు ఒక్క మాట చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే ఏమంటాడో నాకు తెలుసు. పిల్లోణ్ణి బండ్లో పెట్టిపోతావా తల్లీ, మీ ఆయన రాలేదా అంటాడు. బోండాలబండి ఆయన వింటాడు. ఆ ప్రశ్న ఆ నెలలో నన్ను చాలామంది అడిగారు. ఇంకోసారి అడిగించుకునే ఓపిక లేక మాట మింగేసి, తాళం వేసి, గేటువైపు నడిచాను.

బాత్రూము దగ్గరే క్యూ. టికెట్ల దగ్గర ఇంకా పెద్ద క్యూ. మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. ఇంకో నలుగురే కదా, ఇంకో ఇద్దరే కదా అనుకుంటూ నిలబడ్డాను. పావుగంట పట్టింది.

ఆ పావుగంటలో జరిగింది నాకు తర్వాత తెలిసింది. లోపలి వరసలో ఎర్రకారు వాళ్ళకు వెళ్ళే తొందర. వనభోజనాలకు వచ్చిన ఒక కుటుంబంలో ముగ్గురు మగవాళ్ళను పిలిచి మా కారును నెట్టమన్నారు. ఒక కారు పొడుగు నెడితే ఎర్రకారు తిరగలేదు. ఇంకొంచెం అన్నారు. మళ్ళీ ఇంకొంచెం. తాళంచెవి బయటికి తీసేసిన కారు స్టీరింగ్ తిరగదు, ఎటు ముఖం పెట్టి ఉంటే అటే పోతుంది. అక్కడ కట్ట ఎడమకు తిరుగుతుంది. తిన్నగా పోతే ఎదురుగా బట్టలుతికే రేవు, నీళ్ళలోకి దిగే మెట్లు.

నేను కట్ట ఎక్కి ఎర్రకారును దాటి చూసేసరికి మా కారు ముప్పై అడుగుల దూరంలో ఉంది. ముగ్గురూ నడుం వంచి నెడుతున్నారు.

"కానీ బావా, పొద్దున తిన్న పెసరట్లన్నీ ఏమైనయ్యి?" అంటున్నాడు ఒకాయన.

"నువ్వు చెయ్యి ఆనించి నుంచున్నావ్ గానీ నెట్టట్లేదురా" అంటున్నాడు ఇంకొకాయన.

నేను అరిచాననే అనుకున్నాను. గొంతులోంచి ఏమీ రాలేదు. చేతిలో తాళం ఉంది. ఎందుకు చేశానో తెలియదు, దాని బటన్ నొక్కాను. కారు కీచుమంది, దీపాలు రెండుసార్లు వెలిగాయి. ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరిగారు. మా కారు ముట్టుకున్నందుకు నాకు కోపం వచ్చిందనుకున్నారు కాబోలు, మర్యాదగా చేతులు పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏం కాలేదండీ, కొద్దిగా జరిపామంతే" అన్నాడు పెసరట్ల ఆయన, నవ్వుతూ.

వాళ్ళు చేతులు తీసిన తర్వాత కూడా కారు ఆగలేదు. అక్కడి నుంచి నేల రేవువైపు వాలుగా ఉంది. ఎవరూ నెట్టకుండానే, చప్పుడు లేకుండా, అది తన పాటికి తాను పోతోంది.

"తమ్ముడున్నాడు! లోపల మా తమ్ముడున్నాడు!"

అది మా అమ్మాయి గొంతు. నా చెయ్యి విడిపించుకుని అప్పటికే పరుగెత్తుతోంది. ముగ్గురి ముఖాల్లో నవ్వు పోవడం చూశాను. ఒకాయన ముందుకు దూకి బానెట్‌కు భుజం ఆనించాడు. ఆయన చెప్పులు మట్టిలో జారుతున్నాయి. మిగిలిన ఇద్దరు వెనక అద్దాల పక్కన పట్టుకుని లాగుతున్నారు. రేవు పక్కన పొయ్యి పెట్టుకుంటున్న వంటావిడ ఒకామె, పొయ్యికని తెచ్చుకున్న ఇటుకను రెండు చేతులతో పట్టుకొచ్చి ముందుచక్రం కింద తోసింది. చక్రం ఇటుక మీదకు సగం ఎక్కి, ఆగి, వెనక్కి జారి నిలబడింది. మొదటి మెట్టుకు దానికి మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది.

నేను తలుపు తీసి ముందు బ్రేకు లాగాను. ఎంత గట్టిగా లాగానంటే తర్వాత దించడానికి రెండు చేతులు కావాల్సి వచ్చింది. బాబు కళ్ళు సగం తెరిచాడు.

"తోట వచ్చిందా?" అన్నాడు.

వచ్చింది నాన్నా అన్నాను.

బానెట్ పట్టుకున్నాయన రొప్పుతూ నా వైపు వేలు చూపించాడు. "చంటిపిల్లోణ్ణి బండ్లో పెట్టి పోతారా అమ్మా ఎవరన్నా? చదువుకున్నోళ్ళేనా మీరు?"

"ఊరుకో బావా, ఏం కాలేదుగా. ఆమె చూడు ఎట్టా వణుకుతుందో" అన్నాడు రెండో ఆయన.

పార్కింగ్ పెద్దాయన పరుగెత్తుకొచ్చి ఈల చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నాకొక్క మాట చెప్పాల్సింది తల్లీ. పిల్లోడున్నాడని తెలిస్తే నేను దాని మీద చెయ్యి పడనిస్తానా? బ్రేకేసుకోమని నేనే చెప్పేవోణ్ణిగా."

వంటావిడ నా చేతిలో మంచినీళ్ళ చెంబు పెట్టింది. "ఎవరూ రాలేదా అమ్మా మీతో?" అంది. దేనికి భయపడి నోరు మూసుకున్నానో అదే ప్రశ్న. ఆవిడ అడిగితే అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. "రండి, మా పంక్తిలో కూర్చుందురుగాని, ఇంకాసేపట్లో వడ్డిస్తాం" అంది. వాళ్ళ ముఖాలు చూస్తూ ముద్ద మింగలేనని నాకు తెలుసు. "మాకు ఉందండీ, తెచ్చుకున్నాం" అన్నాను.

ఇంటికి వెళ్ళిపోవాల్సింది. కానీ స్టీరింగ్ పట్టుకునే స్థితిలో లేను, బాబు గేటువైపు లాగుతున్నాడు. లోపలికి వెళ్ళాం. ఉసిరిచెట్ల కిందంతా జనం. ఒక చివర, పేరు రాసిన రేకు ఊడిపోయిన ఏదో చెట్టు కింద దుప్పటి పరుచుకున్నాం. చుట్టూ పంక్తులు, అంత్యాక్షరి, మైకులో ఎవరో పిల్లల పేర్లు పిలిచి బహుమతులు ఇస్తున్నారు. మేము ముగ్గురం. బాబు రెండుసార్లు పులిహోర పెట్టించుకుని తిన్నాడు. సీతాకోకచిలుకల వెంట పడ్డాడు. వాడికి ఆ రోజంత మంచి రోజు లేదు. మా అమ్మాయి ఏమీ తినలేదు. వాడు ఎటు పోతే అటు పోయి చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. అంతమందిలో జరిగింది తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

వచ్చేటప్పుడు బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దానితో అన్నాను. "నాన్నకి చెప్పొద్దమ్మా. నాన్న కంగారు పడతారు."

నిజానికి కంగారు కాదు. కారు తాళం తీసుకుంటారని నా భయం. వాళ్ళమ్మకు చెబుతారని, ఇక నా మాట ఎక్కడా నమ్మరని. దానికి అదంతా తెలియదు. అద్దంలో చూస్తే తల ఊపింది.

రాత్రి ఎనిమిదింటికి ఆయన వీడియో కాల్ చేశారు. చెరువుగట్టు మీద నిలబడి ఉన్నారు, వెనక లైట్లు. "ఎట్టా జరిగింది? పార్కింగ్ దొరికిందా?" అన్నారు.

"దొరికిందండీ."

"గేటు లోపలేనా?"

"ఆఁ."

బాబు తన సీతాకోకచిలుకలన్నీ చెప్పాడు. "ఏంట్రా బంగారం, నువ్వేం మాట్లాడవు?" అని ఆయన మా అమ్మాయిని అడిగారు. "బాగుంది నాన్నా" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల, నా గొంతుతో, అచ్చం నేను చెప్పినట్టే చెప్పింది.

పడుకోబెడుతుంటే అడిగింది. "అమ్మా, నాన్నకి చెప్పొద్దన్నావు కదా. తమ్ముడికి కూడా చెప్పొద్దా?"

నేను దుప్పటి సర్దాను. అది గోడవైపు తిరిగి పడుకుంది. చాలాసేపటి దాకా నిద్రపోలేదు, ఊపిరిని బట్టి తెలుస్తుంది. నాకొక్క మాట చెప్పాల్సింది అన్న పెద్దాయన మాటే నా చెవిలో తిరుగుతోంది. ఎవరో ఏదో అంటారని నేను ఒక్క మాట దాచిపెట్టాను. ఆ సాయంత్రానికి దాచడం దానికీ నేర్పాను. రేపు దానికి ఏదైనా జరిగితే, ఎవరైనా తిడతారని అది నాకు చెప్పకుండా ఉంటే? ఆ రాత్రంతా నన్ను కూర్చోబెట్టింది కాలువ కాదు, ఆ ఆలోచన.

పొద్దున్నే స్కూలుకి తయారుచేశాను. ఇద్దరికీ ఇడ్లీ పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను. బాబుతో మొదలుపెట్టాను. "నిన్న నువ్వు నిద్రపోతుంటే అమ్మ నిన్ను కార్లో ఒక్కణ్ణే వదిలేసి వెళ్ళింది. కారు దానంతటదే కదిలి కాలువ దాకా వెళ్ళింది. అక్క అరిస్తే అందరూ వచ్చి ఆపారు" అన్నాను.

"నేను డ్రైవింగ్ చేశానా?" అన్నాడు వాడు, కళ్ళు పెద్దవి చేసి.

"లేదు. ఎవరూ చేయలేదు. అందుకే అది చాలా ప్రమాదం. తప్పు నాది. నువ్వు ఒక్కడివే ఉంటావా అని అక్క ముందే అడిగింది, నేను వినలేదు."

మా అమ్మాయి ఇడ్లీ ముక్కను పళ్ళెంలో అటూ ఇటూ తిప్పుతోంది. తలెత్తలేదు.

"నాన్నకి చెప్పొద్దన్నాను కదా, అది కూడా తప్పే" అన్నాను దానితో. "నువ్వేమీ దాచక్కర్లేదు. సాయంత్రం నువ్వు స్కూలు నుంచి వచ్చాక నేనే నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెబుతాను. గేటు లోపల పెట్టలేదని కూడా చెబుతాను. నాన్న తిడితే తిట్టనీ. నేను ఏదైనా వదిలేస్తే మధ్యలో నువ్వు చెప్పు."